మైనపు దారం

లమ్జద్ దర్జీ మళ్లీ ఈతకు దిగాడన్న కబురుతో మహ్దియా ఊరి పాతరేవు పొద్దున్నే కడుపుబ్బ నవ్వుకుంది. యాభై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా మిషను ముందు కూచుని కూచుని పొట్ట ముందుకొచ్చింది, నడుం వంగింది. అలాంటివాడు ఏప్రిల్ చలినీళ్లలోకి, ఎండ సరిగ్గా రాకముందే, గట్టు మీద చొక్కా మడిచిపెట్టి మరీ దూకుతున్నాడు. ఆ మడత మాత్రం దర్జీ మడతే. కాలరు పైకి, చేతులు లోపలికి. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు పని ఆపి చూశారు.

"ఏంటి లమ్జద్, చేపలకు కొలతలు తీస్తున్నావా?" అని ఒకడు కేకేశాడు.

"తిమింగలం ఒకటుంది. దానికి కుట్టాలి," అన్నాడు లమ్జద్, ముక్కులోంచి ఉప్పునీళ్లు చీదుకుంటూ.

ఆ తిమింగలం పేరు జుబైర్. జిల్లాలో స్కౌట్లందరికీ ఇప్పుడతనే అధిపతి. ఎక్కడ జెండా ఎగిరినా ముందు వరసలో అతని కుర్చీ, ఆ కుర్చీలో అతని ఛాతీ, ఆ ఛాతీ మీద పద్నాలుగు బ్యాడ్జీలు. పై వరసలో మూడోది ప్రాణరక్షకుల బ్యాడ్జి. ఎర్రతాడు చుట్టిన తెల్ల చక్రం. అది లమ్జద్‌ది. లమ్జద్ సంపాదించింది, లమ్జద్ తల్లి కుట్టింది. ముప్పై ఏడేళ్లుగా పరాయివాడి గుండెల మీద సుఖంగా కూచుంది. దాన్ని జుబైర్ చేతే, జుబైర్ వేళ్లతోనే, ఊరందరి ముందూ విప్పించాలి. ముఖ్యంగా తల్లి ముందు. ఆవిడకు ఎనభై నిండాయి, చూపు ఆనదు, ఎంతకాలం ఉంటుందో తెలియదు. అందుకే ఈ తొందర.

మా పాతపేటలో సాగరతార స్కౌట్ దళం అంటే అందరికీ గౌరవం. అక్కడ బ్యాడ్జీలు కొట్లో దొరకవు. పరీక్ష నెగ్గిన పిల్లల తల్లులే కూచుని పట్టుదారంతో కుడతారు. ఇచ్చే పద్ధతి కూడా కఠినంగానే ఉంటుంది. ఏటా జూన్ మొదటి ఆదివారం, జెండా ఎగరేశాక, నాయకుడు మూడుసార్లు అడుగుతాడు: ఇక్కడున్న బ్యాడ్జీల్లో దేని మీదైనా ఎవరికైనా సందేహం ఉందా అని. పరీక్షకు సాక్షిగా ఉన్నవాడు ముందుకొచ్చి నా మాట వెనక్కి తీసుకుంటున్నానంటే చాలు, ఆ బ్యాడ్జి పోయినట్టే. సాక్షి కానివాడు కూడా అడగొచ్చు, కానీ అతని ఒంటి మీదా అదే బ్యాడ్జి ఉండాలి. అప్పుడు ఎదుటివాడు అక్కడికక్కడే పరీక్ష మళ్లీ నెగ్గి చూపించాలి. నెగ్గితే అడిగినవాడి బ్యాడ్జి పోతుంది. ఓడినా, అసలు దిగకపోయినా తనది పోతుంది.

పోవడమంటే ఎవరో వచ్చి పీకేయడం కాదు. జెండా ముందు నిలబడి, తన చేత్తో తనే కుట్లు విప్పుకోవాలి. దళం పెట్టెలో ఉండే చిన్న కత్తెర తప్ప ఇంకేదీ వాడకూడదు. ఆఖరి దారం తెగేదాకా మైదానంలో ఎవరూ కూచోకూడదు, ఎవరూ నోరెత్తకూడదు. విప్పుకునేవాడు అసలే ఎత్తకూడదు.

లమ్జద్ విప్పుకున్నప్పుడు అతనికి పద్నాలుగేళ్లు.

ఆ వేసవిలో బుర్జు కోట కింది రాయి దగ్గర్నుంచి పాతరేవు ముఖద్వారం దాకా, తనకన్నా బరువైన కుర్రాణ్ని గడ్డం పట్టి ఈడ్చుకుంటూ ఈదాడు. పక్కన పడవలో సాక్షిగా కూచున్నది జుబైర్. పదహారేళ్లవాడు, దళంలో పెద్దవాడు, చేపల డబ్బాల ఫ్యాక్టరీ వాళ్ల అబ్బాయి. అదే పరీక్షలో అంతకు వారం ముందే సగం దూరంలో చేతులెత్తేశాడు. తను తేలలేని చోట జాలరివాళ్ల పిల్లాడు తేలాడు. దాంతో కడుపు మండిపోయింది. పరీక్ష రోజున "నెగ్గాడు" అని సంతకం పెట్టినవాడు, తల్లి మన్నూబియా పది రోజులు కూచుని కుట్టిన చక్రం లమ్జద్ చొక్కాకెక్కాక, జూన్ ఆదివారం నాడు జెండా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీడు మధ్యలో రెండుసార్లు పడవ పట్టుకున్నాడు. స్నేహం కొద్దీ ఆరోజు దాచాను," అన్నాడు.

ఎంత చక్కగా చెప్పాడంటే, అబద్ధానికి స్నేహమనే అంచు కూడా కుట్టాడు. లమ్జద్ కత్తెర అందుకుని కుట్లు విప్పుకున్నాడు. వేలు తెగింది. రూలు ప్రకారం కిక్కురుమనలేదు.

ఊరు నాలుగు రోజులు అనుకుని మర్చిపోయింది. మన్నూబియా మర్చిపోలేదు. ఆవిడ భర్త ఖమీస్‌ను సముద్రం తీసుకుని, పదకొండు రోజులకు శవంగా తిరిగిచ్చింది. సముద్రం విషయంలో అబద్ధమాడేవాణ్ని ఆవిడ మనిషిగా చూడదు. ఇంటికొచ్చాక ఒక్కసారే అడిగింది.

"సముద్రంతో దొంగాట ఆడావట్రా?"

"లేదమ్మా."

"అక్కడ అందరిముందూ నోరెత్తనివాడివి, ఇక్కడెందుకు ఎత్తుతున్నావ్?"

కుట్టుచట్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. మళ్లీ కొడుకు కోసం దాన్ని తియ్యలేదు. అతని పెళ్లి చొక్కాకు కూడా తియ్యలేదు. అన్నం పెట్టింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, అన్నీ చేసింది. కుట్టు మాత్రం కుట్టలేదు. ఆ పట్టుదలతోనే లమ్జద్ దర్జీ అయ్యాడేమో, నాకు తెలియదు. తన బట్టలన్నీ తనే కుట్టుకున్నాడు.

విప్పిన బ్యాడ్జి, పద్ధతి ప్రకారం, సందేహం చెప్పిన జుబైర్ చేతికి, అక్కణ్నుంచి దళం పెట్టెలోకి వెళ్లింది. పెట్టె తాళంచెవి జుబైర్ దగ్గరుండేది. మరుసటేడు జుబైర్ ఛాతీ మీద చక్రం వెలిసింది. సాక్షి ఎవరంటే వాళ్ల పిన్ని కొడుకు. కుట్టింది ఎవరంటే సూస్ ఊళ్లో ఉండే మేనత్త అన్నారు. లమ్జద్ చూడగానే అది తనదేనని పోల్చుకున్నాడు. అందరు తల్లులూ తాడుకు ఎనిమిది మెలికలు కుడితే మన్నూబియా తొమ్మిది కుడుతుంది. అప్పటి నాయకుడికి పోయి చెప్పాడు. "చక్రాలన్నీ ఒకేలా ఉంటాయి బాబూ. తప్పు చేసి, పైగా పెద్దవాళ్ల మీద నిందా?" అన్నాడాయన. తల్లికి చెప్పాడు. "దొరికిపోయినవాడికి అందరూ దొంగల్లాగే కనిపిస్తారు," అంది ఆవిడ. దాంతో లమ్జద్ నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోటి వెనక పళ్లు నూరుకోవడం మాత్రం ముప్పై ఏడేళ్లు ఆపలేదు.

అయితే ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడెందుకంటే, మార్చిలో ఒక సంగతి బయటపడింది.

లమ్జద్ కూతురు బేయా, పదకొండేళ్లది, సాగరతారలో చేరి ముడుల పరీక్ష నెగ్గింది. మన్నూబియా పెట్టె తాళం తీసింది. మనవరాలి కోసం తీసింది. వేళ్లతో తడుముకుంటూ నీలంగుడ్డ మీద ముడి బొమ్మ కుట్టింది. వెనక్కి తిప్పి తెల్లగుడ్డ అస్తరు వేసే ముందు, పిల్లని నీళ్ల వంకతో బయటికి పంపి, లమ్జద్‌ను పిలిచింది.

"సూదిలో పచ్చదారం ఎక్కించు."

ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ బొమ్మ వెనకాల, అస్తరు కిందకు పోయేచోట, చిన్న చిన్న అక్షరాలు కుట్టడం మొదలుపెట్టింది. బేయా, లమ్జద్ కూతురు.

"అదెందుకమ్మా?"

"సముద్రం మీదికెళ్లే ప్రతివాడికీ తల్లి ఇలా వేస్తుంది. మీ నాన్న వచ్చినప్పుడు మొహం లేదు. నడుంపట్టీలో నా కుట్టు చూసి పోల్చాను. పిల్లలకు చెప్పకూడదు. చెబితే సముద్రం వింటుందంటారు. నీకిప్పుడు చెబుతున్నానంటే నా వేళ్లు పనిచెయ్యట్లేదు, రేపట్నుంచి నువ్వే వెయ్యాలి."

లమ్జద్ కుట్టు మీదికి వంగాడు. "నా దాంట్లో?"

"ఏ దాంట్లో?"

"చక్రంలో."

మన్నూబియా సూది ఆగింది. "అందులోనూ వేశాను. ఇదే పచ్చ," అంది పొడిగా. మళ్లీ కుట్టుకుంది.

ఆరోజు లమ్జద్ కాలు మిషను మీద ఆడలేదు. పేరు ఉంది. తన పేరు, తండ్రి పేరుతో సహా, ఆ దొంగ గుండెల మీద అస్తరు కింద ముప్పై ఏడేళ్లుగా ఉంది! జుబైర్ వాళ్లది పైపేట, ఫ్యాక్టరీ వాళ్లు. వాళ్లింట్లో సముద్రంలోకి వెళ్లిందెవరు గనక? జాలరి తల్లుల గుట్టు వాళ్లకేం తెలుస్తుంది? తెలిసుంటే ఏనాడో కోసి పారేసేవాడు.

తల్లికి అప్పుడే చెప్పేయొచ్చు. కానీ చెప్పి నమ్మించే పని ఒకసారి చేసి చూశాడు. ఈసారి ఆవిడ చేతిలోనే పెట్టాలి. అది జుబైర్ ఒంటి మీంచి దిగాలంటే ఒకటే దారి, జెండా ముందు సందేహం అడగడం. అడగాలంటే తన ఒంటి మీద చక్రం ఉండాలి. అందుకే పెద్దల దళంలో మళ్లీ ప్రమాణం చేసి, ఏప్రిల్ నీళ్లలోకి దూకాడు.

ఆరు వారాలు. మొదటి రోజు ఇరవై బారలకే పిక్కలు పట్టేసి, జాలర్లు కొక్కెం వేసి లాగారు. రెండో వారం చెవిలో నీళ్లు చేరి, బేయా ఏం చెప్పినా "ఆఁ?" అన్నాడు. కానీ కోపం ఉన్నవాడికి ఆయాసం తక్కువ. ప్రతి బారకూ ఒక్కో మాట గుర్తుచేసుకున్నాడు. స్నేహం కొద్దీ. పడవ పట్టుకున్నాడు. చక్రాలన్నీ ఒకేలా ఉంటాయి. దొరికిపోయినవాడికి అందరూ దొంగలే. ఆ ఆఖరి మాట దగ్గర బార బలంగా పడేది.

మే చివర్లో దళం నాయకురాలు రౌదా పరీక్ష పెట్టింది. మునిగేవాడి వేషం రొట్టెల షాఫైకి ఇచ్చారు. అతను సరదా మనిషి, బరువు తొంభై కిలోలు, మునిగేవాడిలా నటించమంటే నిజంగానే కొట్టుకున్నాడు.

"కొట్టుకోకు, చంపుతా!" అని అరిచాడు లమ్జద్.

"నువ్వు కాపాడాలి బాబూ, చంపకూడదు!" అని షాఫై నీళ్లు మింగాడు.

రేవుకు చేరాక లమ్జద్ రాళ్ల మీద బోర్లా పడి పావుగంట లేవలేదు. రౌదా పక్కన కూచుని తువ్వాలు కప్పింది.

"ఇంత కష్టం ఎందుకు బాబాయ్? ఈ వయసులో ఎవర్ని కాపాడదామని?"

"కాపాడ్డానికి కాదమ్మా. ఒకణ్ని ముంచడానికి."

హాస్యమనుకుని నవ్వింది. రెండో చక్రం లమ్జద్ తనే కుట్టుకున్నాడు. మెలికలు ఎనిమిదే వేశాడు.

ఇక వినండి దేవుడి దయ. జూన్ ఆదివారానికి అయిదు రోజుల ముందు, మధ్యాహ్నం, దుకాణం ముందు కారు ఆగింది. అత్తరు వాసన ముందొచ్చింది, తర్వాత జుబైర్ వచ్చాడు. చేతిలో కొత్త చొక్కా, ఒక గుడ్డసంచి.

"ఏవయ్యా దర్జీ! దళానికి అరవై ఏళ్ల పండగ. పాత చొక్కా బిగుతైపోయింది. వీటిని కొత్తదానికెక్కించాలి. మా ఆవిడ కుడితే నెలకోటి ఊడుతోంది. నువ్వు గట్టిగా కుట్టు, తెలిసిందా? రాజధాని నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ల ముందు ఊడితే పరువు పోతుంది."

"నేను కుట్టింది ఊడదు సీ జుబైర్. హామీ," అన్నాడు లమ్జద్, అయ్యగారూ అన్నట్టు 'సీ' తగిలించి.

జుబైర్ బల్ల మీద బ్యాడ్జీలు పోశాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, కళ్లు చిట్లించి చూశాడు.

"నువ్వు కూడా చిన్నప్పుడు మా దళంలో ఉండేవాడివి కదూ? మధ్యలో మానేసినట్టున్నావ్. ఎందుకు మానేశావ్?"

లమ్జద్ చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. మర్చిపోయాడు! ఒక మనిషి బతుకులోంచి తల్లి నమ్మకాన్ని తీసి జేబులో వేసుకుని, ఆ సంగతే మర్చిపోయాడు. ఎందుకు మానేశావని అడుగుతున్నాడు. ఇంతకాలం ఇతనికీ రాత్రుళ్లు నిద్ర పట్టదేమో, ఎదురుపడితే లోపల ముడుచుకుంటాడేమో అనుకున్న తన అమాయకత్వానికి లమ్జద్‌కు తన మీదే అసహ్యం పుట్టింది.

"ఈత రాక మానేశాను," అన్నాడు.

"పాపం," అని కారెక్కాడు జుబైర్.

చక్రం బల్ల మీద ఉంది. ఎరుపు వెలిసి ఇటుకరంగుకు వచ్చింది. తొమ్మిది మెలికలు. వెనక్కి తిప్పి అస్తరు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపాడు. కింద గుండ్రంగా, బిరుసుగా, ఏవో తగిలాయి. కత్తెర పక్కనే ఉంది. రెండు కుట్లు కోస్తే కనిపిస్తుంది. కొయ్యలేదు. తనొక్కడికే తెలిసిన నిజం తన దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా ఉంది, ఇంకొకటి ఏం చేసుకుంటాడు? దాచేసి ఇంటికి పట్టుకుపోవచ్చు, అదీ చెయ్యలేదు.

పదమూడు బ్యాడ్జీలను మామూలు నూలుదారంతో కుట్టాడు. పద్నాలుగోదానికి లేచి రేవుకు వెళ్లి, వలలకు వాడే మైనపు దారం తెచ్చాడు. చేప ఎంత గింజుకున్నా తెగని దారం. రెండు పేటలుగా ఎక్కించి, వేలికి తొడుగు పెట్టుకుని, కుట్టు మీద కుట్టు, ప్రతి మూడో కుట్టుకూ ఒక ముడి. బ్యాడ్జికి మామూలుగా నలభై కుట్లు చాలు. రెండువందల పన్నెండు వేశాడు. అస్తరు జోలికి మాత్రం పోకుండా అంచు మీదే వేశాడు. పని పూర్తయ్యేసరికి వేళ్లు వాచాయి, ప్రాణం మాత్రం హాయిగా ఉంది. ఇంటికెళ్లి కాల్చిన కవళ్ల చేపలు హరీసా కారం నంజుకుంటూ ఆరు తిన్నాడు.

ఆదివారం ఎండ దంచేస్తోంది. బుర్జు కింది మైదానంలో పిల్లలు వరసలు కట్టారు, బేయా రెండో వరసలో. బాకాలు మోగాయి. తల్లుల వరసలో మన్నూబియా తెల్లదుప్పటి కప్పుకుని కర్ర మీద చేతులుంచి కూచుంది. వేదిక మీద జుబైర్ కొత్త చొక్కాలో మెరిసిపోతున్నాడు. స్కౌటుకు మాటే ప్రాణమని, బ్యాడ్జి అంటే ఛాతీ మీద పెట్టుకున్న మనస్సాక్షి అని, అరగంట మాట్లాడాడు. లమ్జద్ ఒక్క ముక్క కూడా వదలకుండా విన్నాడు. తీపి తినేవాడిలా విన్నాడు.

జెండా ఎగిరింది. అందరూ లేచారు. రౌదా అడిగింది.

"ఇక్కడున్న బ్యాడ్జీల్లో దేని మీదైనా ఎవరికైనా సందేహం ఉందా?"

ఇది ముప్పై ఎనిమిదేళ్లుగా మాటవరసకు అడగడమే. రెండోసారి అడిగింది. బాకాలవాళ్లు అప్పుడే బాకాలు ఎత్తుతున్నారు. మూడోసారి అడిగింది.

"నాకుంది," అని లమ్జద్ పెద్దల వరసలోంచి ముందుకొచ్చాడు. "సీ జుబైర్ ఒంటి మీద చక్రం. అదే బ్యాడ్జి నా ఒంటి మీదా ఉంది. బుర్జు రాయి అదిగో. రేవు అదిగో. షాఫై తడవడానికి సిద్ధం."

జుబైర్ ముందు నవ్వాడు. తర్వాత చుట్టూ చూశాడు, ఇంకెవరైనా నవ్వుతున్నారేమోనని.

"ఏంటయ్యా ఈ వేళాకోళం? నాకు యాభై నాలుగేళ్లు. గుండెకు మంచిది కాదని డాక్టరు చెప్పాడు."

"నాకు యాభై రెండు. గత నెల ఈదాను. నాకూ డాక్టరు వద్దనే చెప్పాడు."

"రౌదా, కార్యక్రమం కానివ్వు," అన్నాడు జుబైర్ గొంతు పెంచి.

రౌదా మొహం ఎర్రబడింది. వేదిక మీద పెద్దలు, ఎదురుగా వందమంది పిల్లలు. పిల్లలు కళ్లార్పకుండా ఆమెనే చూస్తున్నారు.

"సీ జుబైర్," అంది చివరికి, "ఈ రూలు నాకు నేర్పింది మీరే. దిగండి. లేకపోతే విప్పండి."

జుబైర్ నీళ్లవైపు చూశాడు. రాయి చుట్టూ నురగ తిరుగుతోంది. అక్కణ్నుంచి చూపు తిప్పుకుని, ఏదో పిల్లల ఆటకు ఒప్పుకున్నట్టు భుజాలెగరేసి, కత్తెర తెమ్మన్నాడు. రెండు నిమిషాల్లో ముగించి నవ్వేస్తే ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాడు కాబోలు.

మొదటి కుట్టు దగ్గరే కత్తెర జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. మైనం పట్టిన దారం మొండి కత్తెరకు లొంగుతుందా? గడ్డం ఛాతీకి ఆనించి, తన గుండెల మీదికే తను కళ్లు మెల్లచేసి చూసుకుంటూ, ఒక్కో పోగూ నమిలి నమిలి కోయడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలు. పది. ఎవరూ కూచోకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. రాజధాని నుంచొచ్చిన పెద్దలు చెమట తుడుచుకుంటూ నిలబడ్డారు. ముందు వరసలో ఓ బుడ్డది కిసుక్కుమని నోరు మూసుకుంది. ఇరవై నిమిషాలకు ఒక ముడి దగ్గర జుబైర్ దాదాపు ఏడ్చాడు. వేలు తెగింది, కొత్త చొక్కా మీద ఎర్రచుక్క పడింది. తలెత్తి లమ్జద్ వంక చూశాడు. ఆ చూపులో అప్పుడు గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాయి. లమ్జద్ తల ఊపాడు, అవును అదే అన్నట్టు. జన్మలో తిన్న ఏ పండగ భోజనమూ అతనికి అంత రుచించలేదు.

ముప్పై అయిదో నిమిషంలో ఆఖరి దారం తెగింది. బ్యాడ్జి సందేహం అడిగినవాడి చేతిలో పెట్టడం పద్ధతి. జుబైర్ పెట్టాడు. లమ్జద్ దాన్ని తీసుకుని నేరుగా తల్లుల వరసకు నడిచాడు. రౌదా వెనకే వెళ్లింది.

"అమ్మా, ఇది ఎవరి కుట్టో చెప్పు."

మన్నూబియా కర్రను ఒళ్లో పెట్టుకుంది. వేళ్లతో బొమ్మ తడిమింది. మెలికలు ఒక్కొక్కటే తడిమింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. మెడలో తాడుకున్న చిన్న కత్తెర తీసి, చూడకుండానే, అస్తరు నాలుగు కుట్లు కోసి వెనక్కి మడిచింది.

"పాపా, ఏముందో చదువు," అంది రౌదాతో.

పచ్చదారం లోపల ఉంది గనక వెలవలేదు. నిన్న కుట్టినట్టుంది. "లమ్జద్," అని చదివింది రౌదా, "ఖమీస్ కొడుకు."

తల్లుల వరస గుసగుసలాడింది. వాళ్లకు ఎవరూ ఏమీ విప్పి చెప్పనక్కర్లేదు. మన్నూబియా లేచి, ఇందాక జుబైర్ గొంతు విన్న దిక్కుకు తిరిగింది.

"ఫ్యాక్టరీ అబ్బాయ్! ఇలా రా. వీడు పడవ పట్టుకోవడం నువ్వు చూశావా?"

"అమ్మా... అది పెట్టెలో పడుంది... పిల్లతనం..."

"పెట్టె సంగతి అడగలేదు. పడవ సంగతి అడిగాను."

"గుర్తులేదు."

"నాకుంది గుర్తు. చెప్పు. పట్టుకున్నాడా?"

జుబైర్ పిల్లల వరసల్ని చూశాడు, పెద్దల్ని చూశాడు. "లేదు," అన్నాడు. బాకాలవాడికి కూడా వినిపించింది.

లమ్జద్ ఈ మాట కోసమే ముప్పై ఎనిమిదేళ్లు బతికాడు. వినగానే ఎగిరి గంతెయ్యాలనిపిస్తుందనుకున్నాడు. కానీ తల్లి అతని వైపు తిరిగింది. ఆ మొహం చూసేసరికి గంతు కాళ్లలోనే ఆగిపోయింది.

"మరి ఆరోజు నోరెత్తలేదేంరా? నేనక్కడే ఉన్నాను. ఒక్కమాట, 'అబద్ధం' అని ఒక్కమాట అంటావేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను. కిక్కురుమనకుండా విప్పావు. తప్పు చేసినవాడు కాబట్టే అంత బుద్ధిగా విప్పుతున్నాడనుకున్నాను."

"విప్పేటప్పుడు మాట్లాడకూడదమ్మా. రూలు."

"రూలా?" అంది మన్నూబియా. "రూలుకేనా?"

"రూలుకే. నాది మంచి దళం కదా అనుకున్నాను. మంచి స్కౌటులా ఉండాలనుకున్నాను."

ఆవిడ కూలబడింది. అతనూ పక్కన నేలమీద కూచున్నాడు. అప్పుడు అర్థమైంది లమ్జద్‌కు, తన పగలో సగం జుబైర్ మీద కాదని. ఆ సగం ఈ ముసలి చేతుల మీద, ఆ పెట్టె తాళం మీద. దాన్ని ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు. ఆవిడే చెప్పింది.

"సూదిలో దారం ఎక్కించు. నేనే కుడతాను."

అందరి ముందూ కుట్టింది. ఎనభై ఏళ్ల చూపులేని కుట్టు, వంకరటింకరగా, అంచు దాటి, రెండుచోట్ల సూది అతని ఛాతీలో దిగింది. లమ్జద్ కదల్లేదు. ఊళ్లో ఎవరి చొక్కాకైనా అలాంటి కుట్టు కనిపిస్తే విప్పించి మళ్లీ వేయించే మనిషి, దీన్ని ఇప్పటికీ సరిచెయ్యలేదు. తన ఎనిమిది మెలికల చక్రం తీసి జేబులో వేసుకున్నాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే లమ్జద్ మంచివాడని మీరనుకుంటారు. వారం తర్వాత జుబైర్ ఇంటి డ్రైవరు ఆ కొత్త చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఛాతీ మీద గుండ్రంగా రెండువందల పన్నెండు కన్నాలు, మధ్యలో ఎర్రచుక్క. ఎలాగైనా పూడ్చి ఇమ్మన్నారట. ఎప్పుడిస్తావని అడిగితే, పని ఎక్కువుంది, చూస్తానన్నాడు లమ్జద్.

చొక్కాను చక్కగా ఉతికాడు, ఇస్త్రీ చేశాడు, ఎర్రచుక్క పోకుండా జాగ్రత్తపడ్డాడు. దుకాణం ముందు, పెళ్లి చొక్కాలు తగిలించే కొక్కేనికి తగిలించాడు. శుక్రవారం సంతకు పోయే ప్రతివాడూ ఆగి ఆ కన్నాల గుండ్రాన్ని చూసుకుని వెళ్లాడు. మూడోరోజు మన్నూబియా బేయా చెయ్యి పట్టుకుని వచ్చింది. చొక్కా ఎక్కడుందో అడిగి, చెయ్యెత్తి తడిమింది. కన్నాల చుట్టూ వేలు ఒక చుట్టు తిప్పింది.

దించెయ్యమంటుందని లమ్జద్ స్టూలు అందుకున్నాడు.

"ఇంత కిందికి కట్టావేంరా?" అంది ఆవిడ. "ఇంకాస్త పైకి కట్టు. రేవులోంచి కూడా కనబడాలి."